ఊరికే వచ్చిన చదువు

ఆదివారం ఆరాధన అయ్యాక భోజనాల దగ్గర ఎవరో ఒకరు కుర్చీ లాక్కుని నా పక్కన చేరతారు. చేతిలో కాగితప్పళ్ళెం, పళ్ళెంలో కోడికూర, నోట్లో ఎప్పుడూ ఉండే ప్రశ్న. "ఆంటీ, మీరు కాలేజీ ఫైనాన్షియల్ ఎయిడ్ ఆఫీస్‌లో చేశారు కదా. మావాడు స్విమ్మింగ్ చాలా బాగా చేస్తున్నాడు. స్కాలర్‌షిప్ వస్తే ఇంక ట్యూషన్ ఫీజు గురించి వర్రీ అవక్కర్లేదు కదా?" అడిగేది అమెరికాలో ఈ మోరిస్‌విల్ చుట్టుపక్కల కంప్యూటర్ ఉద్యోగాలు చేసే పిల్లలు. పిల్లలంటున్నాను గానీ వాళ్ళకీ చెంపలు నెరుస్తున్నాయి. నేను వెంటనే జవాబు చెప్పను. "ముందు ఆ కూర చల్లారకుండా తిను నాయనా" అంటాను. మాట దాటేస్తున్నానని అనుకుంటారు పాపం. ఆ ప్రశ్న వినగానే నాకు ఒక కిటికీ కనిపిస్తుంది. కిటికీ అవతల పొగమంచు, ఆ మంచులో పరిగెత్తుతున్న ఒక ఆడపిల్ల. ఆ పిల్ల సంగతి చెప్పకుండా జవాబు చెప్పడం నావల్ల కాదు. అది కోడికూర పళ్ళెం పట్టుకుని వినే సంగతి కాదు కాబట్టి తీరిగ్గా ఇక్కడ రాస్తున్నాను.

డెబ్భైల చివర్లో నేను ఆ కాలేజీలో టైపిస్టుగా చేరాను. మాది బాపట్ల వైపు. మా ఆయనకి ఇక్కడ ఒక బట్టల మిల్లు లాబరేటరీలో ఉద్యోగం వస్తే వచ్చాం. నార్త్ కెరొలైనాలో దిగిన రోజు కారు కిటికీ దింపితే ఎర్రమట్టి కనిపించింది, గాలిలో పొగాకు వాసన తగిలింది. "ఇంతదూరం వచ్చింది మళ్ళీ పొగాకు వాసన చూడటానికా?" అన్నాను. ఆయన నవ్వారు. నాకు మాత్రం సగం నిద్రలో ఎటో బయల్దేరి తిరిగి తిరిగి మా జిల్లాలోనే దిగినట్టు అనిపించింది. ఆ సగం నిద్ర చాలా ఏళ్ళు నన్ను వదల్లేదు. ఇప్పుడు తల్చుకుంటే ఆ రోజులన్నీ మంచు పట్టిన అద్దంలోంచి చూసినట్టే ఉంటాయి.

మా ఆఫీసు ఒక పాత ఇటుక మేడ మీద ఉండేది. నాకు కిటికీ పక్క బల్ల ఇచ్చారు. చలికాలం ఆ కిటికీ సందుల్లోంచి గాలి కోసేస్తుందని ఎవరూ అక్కడ కూర్చునేవారు కాదట. నేను సంతోషంగా కూర్చున్నాను, ఎందుకంటే కింద పరుగుపందేల మైదానం ఉంది. దాని అవతల పైన్ చెట్లు. పొద్దున్నే నేను వెళ్ళేసరికి మంచులో ఆ చెట్లు ఉండీ లేనట్టుండేవి. కాసేపటికి మంచు లేచేది, చెట్లు ఒక్కొక్కటీ ఎవరో పిలిచినట్టు ముందుకు వచ్చేవి. టైప్‌రైటర్ మీద చేతులు పెట్టుకుని అలా చూస్తూ ఉండిపోయేదాన్ని.

నా పక్క బల్ల ఆవిడ నల్లజాతి మనిషి, నాకంటే చాలా పెద్ద. ఆ మేడలో అందరికంటే ముందు నవ్వేది, అందరికంటే ఆఖరున ఇంటికెళ్ళేది. "కాలేజీ ఈ పిల్లకి జీతం ఇస్తోంది, ఈ పిల్లేమో కిటికీకి పని చేస్తోంది" అని వచ్చినవాళ్ళందరికీ నన్ను పరిచయం చేసేది. వాళ్ళ అమ్మానాన్నలు పొగాకు బ్యారన్లలో పనిచేశారట. పచ్చి పొగాకుని వేడికి కాల్చి ఆరబెట్టే ఇంటిని మా ఊళ్ళోనూ బ్యారన్ అనే అంటాం అని చెబితే ఆవిడ కళ్ళజోడు ఊడి పడేంత నవ్వింది. "ఆ మాట అంతదూరం ఎలా నడిచి వెళ్ళిందమ్మా?" అంది. అప్పటినుంచి మా ఇద్దరికీ మధ్యాహ్నం డబ్బా ఒకటే. నా నిమ్మకాయ పచ్చడి ఆవిడకి, ఆవిడ మొక్కజొన్న రొట్టె నాకు. మా డైరెక్టర్ పొడుగాటి మనిషి, ఎప్పుడూ నోట్లో పిప్పరమెంటు బిళ్ళ. కోపం వస్తే బిళ్ళ కొరికేవాడు. ఆ చప్పుడు వినిపిస్తే మేమిద్దరం తలలు వంచుకుని పని చేసేవాళ్ళం.

పని సంగతి రెండు ముక్కల్లో చెప్పేస్తాను. పిల్లని చదివించడానికి ఇంట్లోవాళ్ళు ఎంత పెట్టగలరో చూసి, మిగిలినది తిరిగి కట్టక్కర్లేని గ్రాంటో, కట్టాల్సిన లోనో, క్యాంపస్ ఉద్యోగమో ఏదో ఒకటి కలిపి చూపించడం మా పని. ఆటల స్కాలర్‌షిప్పులు మా చేతిలో ఉండేవి కావు, అవి కోచ్‌లవి. కోచ్ ఒక పిల్లని చూసి ముచ్చటపడి వాళ్ళింటికి వెళ్ళి, సోఫాలో కూర్చుని, పెట్టింది తిని, "నాలుగేళ్ళూ మాతోనే ఉంటుంది" అని చెప్పి వచ్చేవాడు. ఆ మాటలో అబద్ధం ఏమీ ఉండేది కాదు. ఆ సోఫాలో కూర్చున్నంతసేపూ అతను అది నిజమనే నమ్మేవాడు. కానీ అప్పటి రూలు ప్రకారం ఇచ్చేది ఏడాదికే. ఏడాది తిరిగాక మళ్ళీ ఇవ్వాలా వద్దా అన్నది కోచ్ ఇష్టం. కాలు బెణికినా, వేగం తగ్గినా, ఆ కోచ్ మారిపోయి కొత్తవాడు వచ్చినా అంతే సంగతులు. అందుకే మా పక్క బల్లావిడ తల్లిదండ్రులు వస్తే ఒకటే చెప్పేది. "ముందు ఆట లేదనుకుని లెక్క వేద్దాం. వచ్చిందనుకోండి, ఆ ఏడాది హాయిగా ఊపిరి పీల్చుకోండి. ఆ తర్వాతి ఏడాదికి మళ్ళీ లేదనుకోండి." చాలామందికి ఆ మాట నచ్చేది కాదు. పిల్ల మెడలో పతకం మెరుస్తుంటే ఇదేం అపశకునం అన్నట్టు చూసేవారు.

ఇప్పుడు ఆ పిల్ల దగ్గరికి వస్తాను. ఎనభైల మధ్యలో మా తెలుగు సంఘం అంటే పట్టుమని పది కుటుంబాలు. అమెరికన్ల ఆరాధన అయిపోయి వాళ్ళంతా వెళ్ళాక వాళ్ళ చర్చి బేస్‌మెంట్‌లో మేం కూడుకునేవాళ్ళం. అందులో ఒంగోలు వైపు కుటుంబం ఒకటి ఉండేది. ఆయన రీసెర్చ్ పార్కులో ల్యాబ్ టెక్నీషియన్, ఆవిడ ఆస్పత్రిలో నర్సు. నేను ఆయన్ని అన్నయ్యా అనేదాన్ని, ఆవిడని వదినా అనేదాన్ని. వాళ్ళకి ఒక్కతే కూతురు. చిన్నప్పుడే తీసుకొచ్చేశారు కాబట్టి తెలుగు అర్థమయ్యేది గానీ మాట్లాడితే ఆడా మగా కలిసిపోయేవారు. "నాన్న వచ్చింది, నాన్న తింది" అనేది. మేం దిద్దీ దిద్దీ మానేశాం. ఆ పిల్ల పరిగెత్తేది. వంద గజాల పరుగు కాదు, మైళ్ళ పరుగు. కూతురు నిక్కరు వేసుకుని రోడ్ల మీద పరిగెత్తుతోందని వదిన మొదట్లో మొహం దాచుకునేది. స్టేట్ మీట్ పోటీల్లో పతకం వచ్చాక అదే నిక్కరు ఇస్త్రీ చేసి ఇచ్చేది.

మా కాలేజీ కోచ్, అప్పుడు ఒక ఆడమనిషి, వాళ్ళింటికి వెళ్ళింది. వదిన పెట్టిన కోడికూర తిని కారానికి వచ్చిన కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నాలుగేళ్ళ మాట చెప్పింది. ఆ వేసవిలో ఒక ఆదివారం అన్నయ్య కృతజ్ఞతాకూటం పెట్టించాడు. మా వాళ్ళలో ఏదైనా మేలు జరిగితే సంఘం ముందు నిలబడి సాక్ష్యం చెప్పి అందరికీ భోజనం పెట్టడం ఆనవాయితీ. బేస్‌మెంట్ గోడల మీద పిల్లలు రంగులేసిన నోవహు ఓడ బొమ్మలు. వాటి ముందు కోటు వేసుకుని నిలబడ్డాడు.

"అందరికీ వందనాలు. నా బిడ్డకి దేవుడు నాలుగేళ్ళ చదువు ఊరికే ఇచ్చాడు. ఊరికే. నేను ఒక్క డాలరు కట్టేది లేదు. బిడ్డ చదువుకని మేమిద్దరం దాచిన డబ్బు ఉంది. ఈ చదువు గనక ఊరికే వస్తే ఆ డబ్బు మా ఊరి మందిరం స్లాబుకి ఇస్తానని మొక్కుకున్నా. పోయిన వారమే పంపేశా. నా మొక్కుబడి తీరింది."

అందరూ స్తోత్రం అన్నారు. ఎవరో పాట ఎత్తుకున్నారు. నేనూ పాడాను. ఆ పిల్ల మొదటి వరసలో కూర్చుని తన బూట్లు చూసుకుంటోంది.

భోజనాల దగ్గర కాఫీ డబ్బా పక్కన అన్నయ్యని పట్టుకున్నాను.

"అన్నయ్యా, ఆ స్కాలర్‌షిప్ ఏడాదికేనండీ. ఏడాది కాగానే కోచ్ మళ్ళీ ఇవ్వాలి."

"చూశాలే చెల్లెమ్మా. రెన్యూవబుల్ అని ఉందిగా."

"అంటే రెన్యూ చేయొచ్చు అని. చేస్తారని కాదు."

"నువ్వు మరీనమ్మా. మా నాయన బ్యారన్ లైసెన్సు ఏటేటా రెన్యువల్ చేయించేవాడు. ఆఫీసుకి పోవటం, సంతకం పెట్టి రావటం. ఎవుడన్నా ఆపాడా? బ్యారన్ యాడికి పోద్ది, మేం యాడికి పోతాం?"

"అక్కడ లైసెన్సు బ్యారన్‌కి. ఇక్కడ లైసెన్సు పిల్ల కాళ్ళకండీ."

"కాళ్ళకేంది, రాళ్ళల్లే ఉన్నయ్" అని నవ్వి, నా పళ్ళెంలో ఇంకో ముక్క వేయమని వదినని కేకేశాడు. ఆ నవ్వు ముందు ఇంకేం మాట్లాడతాం? ఇన్నేళ్ళు ఇంగ్లీషు టైపు చేశాను, రెన్యువల్ అన్న మాటకి ఒంగోలు అర్థం ఒకటుందని ఆ రోజే తెలిసింది. అక్కడ అది ఉన్నది కొనసాగడం. ఇక్కడ అది ప్రతిసారీ కొత్తగా అడుక్కోవడం. పొగాకు మారలేదు, మట్టి మారలేదు, మాట మాత్రం సముద్రం దాటేసరికి తిరగబడింది.

ఆ ఏడు నా కిటికీకి పండగ. పొద్దున్నే ఆడపిల్లల జట్టు మైదానంలోకి దిగేది. మంచులో ముందు అడుగుల చప్పుడు వినపడేది, తర్వాత ఊపిరి, ఆ తర్వాత మనుషులు. మా పిల్ల జడ వేసుకునేది. మిగతావాళ్ళ జుట్టు ఎగురుతుంటే తన జడ మాత్రం వీపు మీద అటూ ఇటూ కొట్టుకుంటూ ఉండేది, అందుకే ఎంత మంచులోనైనా గుర్తుపట్టేదాన్ని. ఒక్కోసారి మంచు తనని మింగేసి మైదానం అవతల బయటికి వదిలేది. అంతసేపూ టైపు ఆపి చూస్తూ ఉండేదాన్ని. నాకు ఆడపిల్లలు లేరు. అది కూడా ఒక కారణమేమో.

చలికాలంలో ఒకరోజు ఏదో సంతకం పెట్టడానికి మా ఆఫీసుకి వచ్చింది. పని అయ్యాక నా బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"ఆంటీ, ఊరికే అంటే ఫ్రీ, కదా?"

"ఫ్రీ అనే అనుకో. ఎందుకమ్మా?"

"మమ్మీ నన్ను ఊరికే ఏడవకు అంటుంది. దట్ మీన్స్ ఫర్ నథింగ్. నాన్న చర్చ్‌లో నా చదువు ఊరికే వచ్చింది అని చెప్పింది. అది కూడా ఫర్ నథింగ్?"

"కాదమ్మా. ఒకే మాటకి చాలా అర్థాలుంటాయి. ఊరికే కూర్చోవడం అంటే పనేం లేకుండా కూర్చోవడం. ఊరికే వచ్చాను అంటే మరేం కారణం లేదు, నిన్ను చూద్దామని వచ్చానని."

"సో కన్‌ఫ్యూజింగ్" అని నవ్వింది. వెళ్తూ మెట్ల దగ్గర ఆగి కమ్మీ పట్టుకుని మెల్లగా దిగింది. బయట మంచు గడ్డకట్టింది కదా, జారుతుందని జాగ్రత్తపడుతోంది అనుకున్నాను.

వసంతంలో ఆ కోచ్ వెళ్ళిపోయింది. భర్తకి వేరే రాష్ట్రంలో ఉద్యోగం వచ్చిందట. వెళ్ళేముందు అమ్మాయిలందరినీ కౌగిలించుకుని ఏడ్చింది. నాలుగేళ్ళ మాట కూడా ఆవిడతోపాటు కారెక్కింది. కొత్త కోచ్ వచ్చాడు, మెడలో విజిల్, చేతిలో గడియారం. చెడ్డవాడు కాదు. వాళ్ళ పై అధికారి అతని నెత్తిన కూర్చున్నాడు, అతను పిల్లల నెత్తిన. కిటికీలోంచి చూస్తే మా పిల్ల ఇప్పుడు వెనక వరసలో పరిగెత్తేది. ఒక్కో రౌండు అయ్యాక మైదానం ఆ మూల సామాన్ల షెడ్డు వెనక్కి వెళ్ళి వంగి కూర్చునేది. లేసు ఊడిపోయిందేమో, కట్టుకుంటోంది అనుకునేదాన్ని. "మీ అమ్మాయికి మంచి బూట్లు కొనిపెట్టమని చెప్పు" అంది నా పక్క బల్లావిడ కూడా.

వేసవి మొదట్లో కబురు వచ్చింది. వచ్చే ఏడాదికి స్కాలర్‌షిప్ లేదు. అభ్యంతరం ఉంటే కమిటీ ముందు చెప్పుకోవచ్చు. అన్నయ్య ఆ రోజు ల్యాబ్ కోటుతోనే మా ఆఫీసుకి వచ్చేశాడు.

"ఇదేంది చెల్లెమ్మా? రెన్యూవబుల్ అని అచ్చేసి ఇచ్చి, ఇప్పుడు రెన్యువల్ లేదంటే ఏంది అర్థం?"

కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. ఊరినుంచి ఆ డబ్బు వెనక్కి అడుగుదామా అని మెల్లగా అడిగాను. ఆయన నావైపు అదోలా చూశాడు.

"స్లాబు పోసేశారమ్మా. దాని కింద కూర్చుని పాటలు పాడుతున్నారు. వాళ్ళని లేపి స్లాబు ఇచ్చేయమనేదా?" అని గ్లాసు బల్లమీద పెట్టి, "పిల్ల చదువు ఆగకూడదు. నేను కమిటీ ముందు మాట్లాడతా. నువ్వు పక్కన కూర్చో చాలు" అన్నాడు.

మా డైరెక్టర్ ఆ కమిటీలో ఉన్నాడు. నేను ఆ కుటుంబానికి తెలిసినదాన్నని ముందే చెప్పాను. "అయితే వాళ్ళవైపు కూర్చో, ఒక మనిషికి ఇంకో మనిషి తోడుంటే తప్పేం లేదు" అన్నాడు, బిళ్ళ కొరక్కుండానే.

కమిటీ కూర్చున్న రోజు నాకు కల వచ్చినట్టే గుర్తుంది. జూలై ఎండ. చెట్లనిండా కీచురాళ్ళు ఒకటే రొద. కింది అంతస్తులో పొడుగాటి బల్ల ఉన్న గది, పైన నెమ్మదిగా తిరిగే ఫ్యాను. అటువైపు మా డైరెక్టర్, ఒక కెమిస్ట్రీ ప్రొఫెసర్, విద్యార్థుల డీన్‌గా ఉన్న ఒక పెద్దావిడ. చివర్లో కొత్త కోచ్. ఇటువైపు అన్నయ్య సాక్ష్యం రోజు వేసుకున్న కోటులో, ఆ పిల్ల, నేను. వదినకి డ్యూటీ మార్చుకోవడం కుదర్లేదు.

అన్నయ్య మాట్లాడాడు. లేచి నిలబడి, మంచి ఇంగ్లీషులో, నెమ్మదిగా. తన కూతురు ఒక్క రోజు ప్రాక్టీసు మానలేదని, మార్కులు తగ్గలేదని, ఆ కాగితం మీద ఉన్న మాటని నమ్మి ఇంటి ఏర్పాట్లన్నీ చేసుకున్నామని చెప్పాడు. కోపం లేదు, బతిమాలడం లేదు. నాకు గర్వంగా అనిపించింది. కోచ్ కూడా మర్యాదగానే జవాబు చెప్పాడు. పిల్ల మంచిదేనని, వేగం పడిపోయిందని, తనకి శరత్కాలానికి పరిగెత్తేవాళ్ళు కావాలని. రూలు అతని వైపే ఉంది. గదిలో అందరికీ అది తెలుసు.

మా డైరెక్టర్ ఒక దారి వెతికాడు. ఆయన మనసు ఎలాంటిదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. "ఆగస్టు నాటికి ఈ అమ్మాయి పాత టైముకి వస్తే ఇంకో ఏడాది ఇస్తారా?" అని కోచ్‌ని అడిగాడు. కోచ్ గడియారం తిప్పుకుంటూ ఆలోచించాడు. ఆఖరికి తల ఊపాడు. డీన్ ఆవిడ ఊపిరి వదిలింది. ప్రొఫెసర్ కలం మూత పెట్టేశాడు. అన్నయ్య మొహం వెలిగిపోయింది. నావైపు తిరిగి, "చూశావా, రెన్యువలే" అని తెలుగులో అన్నాడు.

అప్పుడు ఆ పిల్ల తల ఎత్తకుండా, తెలుగులోనే అంది. "నాన్నా, నాకు లెగ్ నొప్పి."

"ఏందమ్మా?"

"లెగ్. లోపల, బోన్‌లో. అక్టోబర్ నుంచి."

ఫ్యాను తిరుగుతోంది. బల్ల అవతలివాళ్ళు మర్యాదగా నవ్వుతూ ఎదురుచూస్తున్నారు. మధ్యలో ఇంగ్లీషు ముక్కలు వాళ్ళ చెవిన పడ్డా, ఆ గదిలో ఆ మాట పూర్తిగా అర్థమైంది మా ఇద్దరికే.

"అక్టోబర్ నుంచా? మరి ఎందుకు చెప్పలేదే?"

"ఎలా చెప్పాలి? మీరు చర్చ్‌లో అందరికీ చెప్పింది. స్లాబ్‌కి మనీ ఇచ్చేసింది. నేను రన్ చేయడం ఆపితే మీరు చెప్పింది అబద్ధం అయిపోతుంది కదా." అప్పుడు తలెత్తి చూసింది. "ఊరికే రాలేదు నాన్నా. నేను రన్ చేస్తే వచ్చింది."

నాకు షెడ్డు వెనక ఆ వంగడం కళ్ళముందు మెదిలింది. లేసు కాదు. మెట్ల దగ్గర మంచు కాదు. ఇంత కిటికీ పెట్టుకుని నేను చూసిందంతా జడేనా అనిపించింది.

అన్నయ్య చేసిన పని నేను చచ్చేదాకా మర్చిపోను. కుర్చీ వెనక్కి జరిపి, ఆ కోటుతోనే, ఆ పెద్దవాళ్ళందరి ముందు నేలమీద మోకాళ్ళమీద కూర్చున్నాడు. కూతురి కాలు ఒళ్ళో పెట్టుకుని, మేజోడు కిందికి దించి, ముంగాలి ఎముక వెంట బొటనవేలితో మెల్లగా నొక్కుతూ వచ్చాడు. ఒకచోటికి వచ్చేసరికి పిల్ల పళ్ళ మధ్యనుంచి గాలి పీల్చింది. ఆయన బొటనవేలు అక్కడే ఆగిపోయింది. ప్రొఫెసర్ కిటికీవైపు తిరిగాడు. కోచ్ లేచి నిలబడ్డాడు, ఎందుకు లేచాడో అతనికీ తెలియదనుకుంటాను.

"ఆ అమ్మాయి ఏమంది?" అని డైరెక్టర్ నన్ను అడిగాడు. అన్నయ్యే కింద కూర్చుని ఉండగానే ఇంగ్లీషులో జవాబు చెప్పాడు. "మీ దయకి థాంక్స్ సర్. నా కూతురు ఆగస్టులో పరిగెత్తదు. మాకు రెన్యువల్ అక్కర్లేదు."

"కూర్చుని ఆలోచించుకోండి, టైముంది" అంది డీన్ ఆవిడ.

"అక్కర్లేదమ్మా" అన్నాడు, ఈసారి తెలుగులో. ఆవిడకి అర్థమైనట్టే తల ఊపింది.

బయటికి వచ్చాక ఎండలో ముగ్గురం కాసేపు నిలబడ్డాం. కారుదాకా నడవాలి. అన్నయ్య వంగి వీపు చూపించాడు. "డాడ్, నో, ఎవరైనా చూస్తుంది" అంది పిల్ల. "చూడనీ" అన్నాడు. పద్దెనిమిది దాటిన కూతుర్ని వీపున ఎక్కించుకుని, ఆ ఎర్రమట్టి దారమ్మట, కీచురాళ్ళ రొదలో అలా నడిచిపోయాడు. మేడ మీద కిటికీలోంచి నా పక్క బల్లావిడ చూస్తోంది. నేను పైకి వెళ్ళేసరికి ఆవిడ కళ్ళజోడు తుడుచుకుంటోంది. "ఇక ఆట లేని లెక్క మొదలుపెడదామా?" అంది.

ఎముకలో పగులు ఉందని డాక్టరు చెప్పాడు. ఇంకో సీజన్ పరిగెత్తి ఉంటే ఏమయ్యేదో అతను చెబుతుంటే వదిన వినలేక బయటికి వెళ్ళిపోయిందట. లెక్క తేలికగా తెగలేదు. గ్రాంటు కొంత, లోను కొంత, లైబ్రరీలో ఆ పిల్లకి ఉద్యోగం, వదినకి వారాంతపు డ్యూటీలు. ప్రతి టర్మ్‌కీ క్లాసులు తగ్గించి తీసుకుంది, తోటివాళ్ళకంటే ఆలస్యంగా పూర్తిచేసింది. అది మీరు తెలుసుకోవలసిన సంగతి. ఆట పోతే ఆకాశం విరిగిపడదు, కానీ ఇంట్లో అందరూ కొంచెం కొంచెం వంగి మోయాల్సి వస్తుంది. ముందే తెలిసి మోయడం వేరు, నెత్తిన పడ్డాక మోయడం వేరు.

సెప్టెంబరులో ఒక ఆదివారం సాక్ష్యాల వేళకి అన్నయ్య మళ్ళీ లేచాడు. ఈసారి కోటు లేదు. మా సంఘంలో చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకున్నవాళ్ళని అంతకుముందూ చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు.

"వందనాలు. పోయినేడు ఈడ నిలబడి నా బిడ్డ చదువు ఊరికే వచ్చిందన్నా. తప్పు మాట. అది నా బిడ్డ కాళ్ళతో తెచ్చింది. నేను దాన్ని ఊరికే అన్నందుకు నా బిడ్డ నొప్పి దాచుకుంది. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నా. దేవుడు స్లాబు అడగలేదు, నేనే బేరం పెట్టుకున్నా. అంతే."

ఎవరూ స్తోత్రం అనలేదు. తర్వాత ఆ పిల్ల ఊతకర్రల మీద లేచి, వెళ్ళి ఆయన పక్కన నిలబడింది. అప్పుడెవరో మెల్లగా పాట అందుకున్నారు.

ఇంకో ఏడాది, ఏడాదిన్నర గడిచి ఉంటుంది. మా ఆఫీసులోకి అప్పుడే ఆకుపచ్చ అక్షరాల కంప్యూటర్ ఒకటి వచ్చింది, నేనింకా టైప్‌రైటర్‌నే పట్టుకుని వేలాడుతున్నాను. వసంతకాలం పొద్దు. నేను తలుపు తీసి లైటు వేయకుండానే కిటికీ దగ్గరికి వెళ్ళాను. పైన్ చెట్లు ఇంకా రాలేదు, అంతా మంచే. జట్టు వచ్చే వేళ కాదు. అయినా అడుగుల చప్పుడు వినపడింది, ఒక్కరిదే, నెమ్మదిగా. తర్వాత జడ కనపడింది. మైదానం అంచున అన్నయ్య టై కట్టుకుని, ఆఫీసు బూట్లతో, చేతిలో థర్మాస్‌తో నడుస్తున్నాడు. పరిగెత్తే పిల్ల ఆయన్ని దాటిపోయేది, చుట్టి వచ్చి మళ్ళీ దాటేది. దాటినప్పుడల్లా ఆయన ఆమె మొహం కాదు, కాళ్ళు చూసేవాడు.

కిటికీ తలుపు బిగుసుకుపోయి ఉంది, రెండు చేతులతో ఎత్తాను. చల్లగాలి లోపలికి వచ్చింది.

"ఏమ్మా, మళ్ళీ జట్టులో చేరావా?" అని అరిచాను.

"నో, ఆంటీ."

"మరి ఎవరికోసం ఈ పరుగు?"

ఆగలేదు. నా కిటికీ కిందుగా వెళ్ళిపోతూ, మంచులోకి మలుపు తిరుగుతూ అంది.

"ఊరికే."

నేను కిటికీ మూయకుండానే టైప్‌రైటర్ ముందు కూర్చున్నాను.